చదరంగం గింజల పద్యంలో ఒక అంకె పోయింది, లెక్కతో పట్టుకోగలమా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా ఇంటి వసారాలో సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. పదకొండు మంది వస్తారు. అందరివీ తెలుగు ఇళ్ళే, బడిలో మాత్రం ఒడియా చదువు. నా ప్రశ్న ఒక పెద్ద సంఖ్య గురించి, అందులో పోయిన ఒక్క అంకె గురించి. కాస్త పొడవుగా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

మా తాతగారు బియ్యం మిల్లులో గుమాస్తాగా చేశారు. ఆయన పాత ట్రంకుపెట్టెలో చిట్టాల మధ్య ఒక నోటు పుస్తకం దొరికింది. ముందు పేజీలన్నీ బస్తాల లెక్కలు, కూలీల లెక్కలు. వెనక నుంచి తిరగేస్తే పద్యాలు. అందులో ఒక చంపకమాల పక్కన "చతురంగ గేహములలో గింజల మొత్తము" అని ఎర్ర సిరాతో రాసుకున్నారు. కథ మీకు తెలిసిందే. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా 64 గడుల దాకా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎన్ని గింజలు? ఆ సంఖ్యను అంకెల్లో కాకుండా మాటల్లో పెట్టిన పద్యం అది.

మాటలు వరుసగా ఇవి: శర, శశి, షట్క, చంద్ర, శర, సాయక, ఆ తర్వాత ఒక చిల్లు, తర్వాత వియత్, నగ, అగ్ని, భూధర, గగన, అబ్ధి, వేద, గిరి, తర్క, పయోనిధి, పద్మజాస్య, కుంజర, తుహినాంశు. చిల్లుతో కలిపి ఇరవై మాటలు, ఇరవై అంకెలు. ఏడో మాట ఉండవలసిన చోట రామబాణం పురుగు తొలిచేసింది. కందిగింజంత రంధ్రం. దాని కింది అంచున మాత్రం సన్నని సిరా గీత ఒకటి మిగిలింది. ఎడమవైపు వంగి కాస్త పైకి లేచినట్టుంది. అది ఏ అక్షరానిదో నాకు పోల్చుకోవడం రాలేదు.

పిల్లలకు ఒక్కొక్క మాటా విప్పి చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. శర, సాయక అంటే మన్మథుడి బాణాలు, కాబట్టి అయిదు. శశి, చంద్ర, తుహినాంశు మూడూ చందమామ పేర్లే, ఒకటి. వియత్తు, గగనం అంటే ఆకాశం, సున్నా. అబ్ధి, పయోనిధి సముద్రాలు, నాలుగు. వేదాలు నాలుగు, పద్మజాస్య అంటే బ్రహ్మ ముఖాలు, అవీ నాలుగే. అగ్ని మూడు, తర్కం ఆరు, షట్కం ఎలాగూ ఆరే, కుంజరం దిగ్గజాల లెక్కన ఎనిమిది. ఇక నగ, భూధర, గిరి మూడూ కొండలు. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ అంటే ఏడు. ఆ ఏడింట్లో మహేంద్రం ఒకటి అని చెప్పగానే ఒక పిల్లవాడు "మన మహేంద్రగిరేనా?" అని లేచి నిలబడ్డాడు. అవును, మన మహేంద్రగిరే. వాడి అమ్మమ్మగారి ఊరి నుంచి రోజూ కనిపించే కొండ.

మొదట మాటల వరుసలోనే అంకెలు వేస్తే 5తో మొదలయ్యే సంఖ్య వచ్చింది. కాలిక్యులేటరులో 2 ఘాతం 64 కొడితే 1.844674407, పక్కన పది ఘాతం 19 అని చూపించింది. రెండింటికీ పొంతన లేదు. రాత్రి ఆ పది అంకెలనూ కాగితం మీద రాసుకుని చూస్తూ కూర్చుంటే తట్టింది. తుహినాంశు ఒకటి, కుంజరం ఎనిమిది, బ్రహ్మ ముఖాలు నాలుగు, సముద్రాలు నాలుగు. చివరి నుంచి వెనక్కి చదివితే పదికి పది అంకెలూ కలిశాయి! "అంకానాం వామతో గతిః" అని తాతగారు అంటుండేవారు. అంకెలు ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడుస్తాయని. చిన్నప్పుడు ఊరికే విన్న మాట, అర్థం ఆ రాత్రి తెలిసింది.

ఇప్పుడు నా దగ్గర ఉన్న సంఖ్య ఇది: 1844674407370_551615. కాలిక్యులేటరు చూపే అంకెలు ఆ ఖాళీ దాకా చేరవు. మొత్తం గుణకారం చేసుకుంటే తెలుస్తుందని నాకూ తెలుసు. కానీ తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె "అంత గుణించకుండా ఆ ఒక్క అంకెను కనుక్కోలేమా?" అని అడిగింది. ఇంకొకడు "3, 5 కాకుండా దీన్ని ఇంకేవి భాగిస్తాయి?" అన్నాడు. రెండూ మంచి ప్రశ్నలే అనిపించి ఇక్కడికి తెచ్చాను.


రాయగడ తమ్ముడు

అక్కా, నేను రాయగడలో కంప్యూటర్ పని చేస్తాను. స్ప్రెడ్‌షీటులో వేసి చూశాను. 18446744073709600000 అని వచ్చింది. కుడి నుంచి ఏడో స్థానంలో 9 ఉంది. మీ అంకె అదే.

ఈ సంఖ్య మాకు రోజూ కనిపించేదే. 64 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ మాత్రమే పట్టే 64 స్థానాల్లో, పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య సరిగ్గా ఇదే. 64 స్థానాల్లోనూ ఒకట్లు పెడితే ఇది వస్తుంది, గడికి ఒక ఒకటి చొప్పున. మీ తాతగారి పద్యం ఇంత పాతదని తెలిసి నిజంగా ఒళ్ళు జలదరించింది.


మహేంద్రతనయ, పర్లాకిమిడి

తమ్ముడూ, 64 బిట్ల సంగతి రేపే పిల్లలకు చెబుతాను. కానీ ఆ 9ని నేను ఇంకా నమ్మలేను. చివర అయిదు సున్నాలు ఉన్నాయి చూడు. రెండు ఘాతాల చివరి అంకె 2, 4, 8, 6 అని నాలుగేసి అడుగులకు తిరిగి వస్తుంది. 64 నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి చివర 6 ఉండాలి. గింజల మొత్తం దానికి ఒకటి తక్కువ కాబట్టి 5. ఒకటి తక్కువ ఎందుకంటే, మొదటి గడిలో ఒక గింజ అదనంగా వేసి చూడు. అది రెండై రెండో గడితో సమానం అవుతుంది, రెండూ కలిసి నాలుగై మూడో గడితో సమానం అవుతాయి, అలా చివరిదాకా పోతే మొత్తం 2 ఘాతం 64. వేసిన ఆ ఒక్క గింజ తీసేస్తే మన సంఖ్య. పద్యం మొదటి మాట "శర", అదీ 5. పద్యం చివరి అంకెను సరిగ్గా చెప్పింది, కంప్యూటర్ సున్నా అంటోంది. చివరి అయిదు అంకెలు తప్పు చెప్పినదాన్ని ఏడో అంకె దగ్గర ఎంతవరకు నమ్మాలో చెప్పు.

అన్నట్టు, పిల్లలు పద్యంతో ఆగలేదు. నిన్న పది మంది తలా వంద వడ్లు లెక్కపెట్టారు, పదకొండోవాడు అందరివీ సరిచూశాడు. వెయ్యి గింజలను పొట్లం కట్టుకుని కంసాలి దుకాణానికి వెళ్ళి కాటాలో పెట్టిస్తే 20 గ్రాములకు కాస్త అటూ ఇటూగా తూగింది. ఆ లెక్కన చదరంగం వడ్లు 36 వేల కోట్ల టన్నుల పైమాట. ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. అంటే నాలుగు వందల అరవై ఏళ్ళ పంట. వెయ్యి గింజలు లెక్కపెట్టడానికే వేళ్ళు నొప్పి పుట్టిన పిల్లలు ఆ మాట విని నోరెత్తలేదు.


రాయగడ తమ్ముడు

నిజమే అక్కా. స్ప్రెడ్‌షీటు ముందు నుంచి 15 అంకెలే పట్టుకుంటుంది, మిగతావి సున్నాలు చేస్తుంది. పదిహేనో అంకె 5 ఉన్నది గుండ్రం చేయడంతో 6 అయింది. ఆ మార్పు 9 దాకా పాకలేదని నా నమ్మకం, కానీ మీరు అడిగిన పద్ధతి ఇది కాదు. పెద్దవాళ్ళు చెబితే నేనూ నేర్చుకుంటాను.


గుణుపురం కిరాణా

టీచరుగారూ, గుణుపురంలో నాకు కిరాణా కొట్టు. బీఎస్సీలో లెక్కలు చదివాను, గల్లాపెట్టె దగ్గర కూర్చున్నా ఆ ధ్యాస పోలేదు. మీ పిల్ల అడిగినదానికి జవాబు ఉంది. సంఖ్య మొత్తం తెలియకపోయినా, దాన్ని దేనితోనైనా భాగిస్తే మిగిలే శేషం తెలుసుకోవచ్చు. ఆ శేషమే పోయిన అంకెను పట్టిస్తుంది.

ముందు 9తో చూద్దాం. 2ను ఆరుసార్లు గుణిస్తే 64, అంటే 63 మీద ఒకటి. 9తో శేషం 1. ఆరు ఆరుగా అరవైసార్లు గుణించినా శేషం 1 గానే ఉంటుంది. మిగిలినవి నాలుగు సార్లు, అంటే 16, శేషం 7. గింజలు దానికి ఒకటి తక్కువ కాబట్టి శేషం 6 రావాలి. ఇటు మీ పద్యంలో మిగిలిన పందొమ్మిది అంకెలను కూడితే 78. దాన్ని 9తో భాగిస్తే శేషం 6. కావలసిన ఆరూ అప్పుడే వచ్చేశాయి! చిల్లులో ఉన్నది ఇంకేమీ కలపకూడదు. అంటే అది సున్నా అయినా కావాలి, తొమ్మిది అయినా కావాలి. సున్నా, తొమ్మిది కాక వేరే ఏ అంకె పోయినా ఈ ఒక్క మెట్టుతో దొరికేది. సరిగ్గా 9 దగ్గర తడబడే చోటే పురుగు కొట్టింది.

అందుకే 11 దగ్గరికి వెళ్ళాలి. 2ను అయిదుసార్లు గుణిస్తే 32, అది 33కు ఒకటి తక్కువ. పదిసార్లు గుణిస్తే శేషం 1. అరవైసార్లకూ 1. మిగిలిన 16కు శేషం 5. ఒకటి తీసేస్తే 4. కాబట్టి మన సంఖ్యను 11తో భాగిస్తే 4 మిగలాలి.

11 పరీక్షకు ఒకట్ల స్థానం నుంచి ఒక అంకె కూడుతూ, ఒక అంకె తీసేస్తూ పోవాలి. మామూలుగా సంఖ్యను వెనక నుంచి చదవాలి, కానీ మీ పద్యం వరుసే అది! శర కూడండి, శశి తీసేయండి, షట్కం కూడండి, చంద్రుణ్ణి తీసేయండి. కూడవలసినవి చిల్లు మినహా 53. తీయవలసినవి 25. తేడా 28, దాన్ని 11తో భాగిస్తే 6. చిల్లు ఏడో మాట, అంటే కూడవలసిన వరుసలోది. అక్కడ సున్నా ఉంటే శేషం 6 గానే ఉండిపోతుంది, కుదరదు. 9 ఉంటే 15, శేషం 4. కుదిరింది. మీ అంకె 9. రాయగడ అబ్బాయి చెప్పింది నిజమే.

9, 11 ఇంత సులువుగా పని చేయడానికి కారణం అవి పదికి అటూ ఇటూ ఉండటమే. మా సంతకు వచ్చే సవరలు తమ భాషలో పన్నెండు దాకా లెక్కపెట్టి, పదమూడును పన్నెండూ ఒకటీ అంటారు. ఇరవై దాటాక ఇరవైల లెక్క. ముప్పై మూడు అంటే వాళ్ళ నోట ఇరవై, పన్నెండు, ఒకటి. వాళ్ళ దగ్గర చింతపండు తూచి తీసుకుంటున్నప్పుడల్లా నాకు ఒక ఆలోచన వస్తుంది. పదికి బదులు పన్నెండు ఆధారంగా సంఖ్యలు రాసుకునే వాళ్ళకు ఇదే సులువు 11తోనూ 13తోనూ వచ్చేది. శేషం సంఖ్యకు చెందినది, దాన్ని పట్టే కిటుకు మాత్రం మనం లెక్కపెట్టే తీరుకు చెందినది. ఇది మీ పిల్లలకు తప్పక చెప్పండి.

ఇక రెండో ప్రశ్న. ఒక వర్గం నుంచి ఒకటి తీస్తే రెండు ముక్కలవుతుందని మీ పిల్లలకు తెలుసు. 2 ఘాతం 64 అంటే 2 ఘాతం 32కు వర్గం. కాబట్టి మన సంఖ్య, 2 ఘాతం 32కు ఒకటి తక్కువను ఒకటి ఎక్కువతో గుణించినది. ఆ తక్కువదాన్ని మళ్ళీ అలాగే విడగొట్టండి. విడగొట్టుకుంటూ చివరిదాకా వస్తే మిగిలేవి 3, 5, 17, 257, 65537, ఇంకా 4294967297. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని ఫెర్మా అనే గణితవేత్త 17వ శతాబ్దంలో అనుకున్నాడు. మొదటి అయిదూ నిజంగా ప్రధాన సంఖ్యలే. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ అనే మరో గణితవేత్త విరగ్గొట్టాడు. 641తో భాగిస్తే 6700417 నిశ్శేషంగా వస్తుంది.

ఎందుకు పోతుందో భాగహారం చేయకుండానే చూపవచ్చు. 641ని రెండు రకాలుగా రాయండి. 5ను 128తో గుణించి ఒకటి కలిపితే 641. 625కు 16 కలిపినా 641. మొదటిదాని ప్రకారం 641 లెక్కలో, అంటే 641తో భాగిస్తే మిగిలే శేషాల లెక్కలో, 5 × 128 అంటే మైనస్ ఒకటి. దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 625 × 2 ఘాతం 28 అంటే ఒకటి. రెండోదాని ప్రకారం 625 అంటే మైనస్ 16. ఆ స్థానంలో పెడితే మైనస్ 2 ఘాతం 32 అంటే ఒకటి. అంటే 2 ఘాతం 32కు ఒకటి కలిపితే 641 లెక్కలో సున్నా. ఈ నాలుగు వాక్యాలు మొదటిసారి చదివిన రోజు నేను కొట్టు తాళం వేయడం మరిచిపోయి ఇంటికి వెళ్ళాను.

కాబట్టి మన సంఖ్యకు ప్రధాన కారణాంకాలు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాదు. ఒక్కొక్కటి తీసుకోవడమో మానడమో కాబట్టి భాజకాలు మొత్తం 128. మీ కొండల అంకె 7 మాత్రం దాన్ని భాగించదు, శేషం 1 వస్తుంది.


బరంపురం తెలుగు పంతులు

అమ్మా, చిరంజీవులకు ఆశీస్సులు. బరంపురంలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీరు ఇచ్చిన మాటలు చూడగానే గుర్తుపట్టాను. అది పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యం. మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగులోకి తెచ్చిన మహానుభావుడు. పోయిన మాట ఏదో నాకు నోటికి వచ్చు. కానీ కిరాణా మిత్రుడు లెక్కతో పట్టిన తీరు చూశాక, ఆ మాట నేను చెప్పేస్తే పిల్లల ఆనందం పాడు చేసినట్టవుతుందనిపించింది. ఛందస్సు వైపు నుంచి నాకు తోచింది చెబుతాను.

చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు. "శరశశి షట్క చంద్ర శర సాయక" దాకా పదమూడు అక్షరాలు. సాయకలోని "క" అయిదో గణానికి, అంటే జగణానికి, మొదటి లఘువు. కాబట్టి చిల్లులో పోయినవి రెండు అక్షరాలు, ఒక గురువు, ఒక లఘువు. సున్నా కావాలంటే "శూన్య" అక్కడ చక్కగా ఇముడుతుంది. కనుక మీకు మిగిలిన సున్నా, తొమ్మిదుల తగవును ఛందస్సు తీర్చలేదు, లెక్కే తీర్చింది. ఇది నాకు ఎంతో నచ్చింది.

ఇప్పుడు తొమ్మిది అని తేలింది కదా, తొమ్మిదికి ఏ మాట? "గ్రహ" అనలేం, దాని ఒత్తు వల్ల ముందున్న "క" గురువైపోతుంది. "అంక" అంటే సంధి కలిసి "సాయకాంక" అవుతుంది, లఘువు ఉండవలసిన చోట గురువు వస్తుంది. నవనందుల లెక్కన "నంద" కుదురుతుంది. శరీరానికి తొమ్మిది ద్వారాలు ఉన్నాయంటారు కదా, ఆ లెక్కన "రంధ్ర" కూడా కుదురుతుంది. రెండూ గురువు, లఘువు. ఇక్కడ లెక్కా సాయం చేయదు, ఛందస్సూ చేయదు. మీ దగ్గర మూడో సాక్ష్యం ఉంది. చిల్లు కింద మిగిలిన ఆ సిరా గీతను పిల్లలతో మళ్ళీ చూడండి.


మహేంద్రతనయ, పర్లాకిమిడి

మాస్టారూ, మీ జవాబు నిన్న మధ్యాహ్నం చదివాను. పిల్లలు వచ్చేదాకా నోటు పుస్తకం తెరవకుండా ఆగడం కష్టమైంది.

మా పిల్లల్లో ఒకతె కొమ్ము బొమ్మలు చెక్కే ఇంటి పిల్ల. వాళ్ళ నాన్న కొంగల కళ్ళు చెక్కేటప్పుడు వాడే భూతద్దం తెచ్చింది. పేజీ కింద తెల్ల కాగితం పెట్టి, కిటికీ దగ్గర వెలుతురులో ఒకరి తర్వాత ఒకరు చూశారు. నోట్సులో "నంద" అని ఒకసారి, "రంధ్ర" అని ఒకసారి రాయించి పక్కన పెట్టాను. "నంద" కింద ఏమీ లేదు. "రంధ్ర"లో ధ కింద నుంచి ఎడమకు చుట్టుకుని పైకి లేచే క్రారవడి ఉంది. మా పుస్తకంలో చిల్లు అంచున మిగిలింది ఆ క్రారవడి తోకే. తాతగారు దాన్ని కాస్త పొడవుగా లాగేవారు, పక్క పేజీలో "చంద్ర", "ఇంద్ర" అని ఉన్న చోట్ల కూడా అదే వంపు. సందేహం లేదు.

రామబాణం పురుగు ఆ పేజీలో రంధ్రం చేసింది సరిగ్గా "రంధ్ర" అన్న మాట మీదే. పిల్లలు చాలాసేపు ఆ మాటే అనుకుంటూ పేజీని వెలుగుకు ఎత్తి అందులోంచి చూస్తూ ఉండిపోయారు. నాకు మాత్రం తాతగారు పక్కన కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

ఆ తర్వాత పూర్తి గుణకారం కూడా చేశాం, మనసు ఊరుకోక. 256ను 256తో గుణిస్తే 65536, దాన్ని దానితోనే గుణిస్తే 4294967296. ఆఖరి గుణకారానికి దాన్ని 42949, 67296 అని రెండు ముక్కలు చేసుకున్నాం. ఒక్కొక్కదాని వర్గం, రెండింటి లబ్ధానికి రెట్టింపు, మూడూ స్థానాలు జరిపి కూడితే 18446744073709551616 వచ్చింది. బల్ల మీద పట్టక నేల మీద సుద్దముక్కతో రాశాం. ఒకటి తీసేసి, పద్యం వెనక నుంచి చదువుతూ ఒక్కొక్క అంకె కింద వేలు పెట్టి సరిచూశారు. తొమ్మిది దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారి "రంధ్ర" అని అరిచారు.

గుణుపురం అన్నగారూ, మీ 641 సంగతి బల్ల మీద రాశాను. నాలుగు వాక్యాల నిరూపణ తొమ్మిదో తరగతి పిల్లలిద్దరికి అందింది. మిగతావాళ్ళు భాగహారం చేసే చూస్తామన్నారు. 4294967297ను 641తో భాగించడం మొదలుపెట్టి కరెంటు పోయేదాకా కూర్చున్నారు. ముగ్గురికి శేషం సున్నా వచ్చింది. రానివాళ్ళు కాగితాలు ఇంటికి పట్టుకెళ్ళారు. పుస్తకంలో తాతగారి ఎర్ర సిరా మాట పక్కన పెన్సిలుతో చిన్నగా రాసి పెట్టాను: 18446744073709551615, ఏడో మాట రంధ్ర. చిల్లు మీద ఏమీ అతికించలేదు.